మోచేయి పూర్తిగా చాపలేకపోతే: ఆటల్లో ఉన్న పిల్లల తల్లిదండ్రులకు మార్గదర్శి

మా ఇంట్లో ఈ సంగతి బయటపడింది ఆసుపత్రిలో కాదు, ఆషాఢంలో గోరింటాకు పెట్టుకునేటప్పుడు. మా అత్తయ్య ఒళ్ళో దిండు వేసుకుని మనవరాలి అరచేతిలో చందమామ పెడుతోంది.

"చెయ్యి సరిగ్గా చాపు తల్లీ, ముద్ద జారిపోతోంది."

"చాపాను కదా నానమ్మా!"

చాపలేదు. మోచేయి దిండుకు ఆనిస్తే అరచెయ్యి గాల్లోకి లేస్తోంది, అరచెయ్యి ఆనిస్తే మోచేయి లేస్తోంది. ఎడమ చెయ్యి మాత్రం దిండు మీద సాపుగా పడుకుంది. పన్నెండేళ్ళ పిల్ల, ఆరేళ్ళుగా జిమ్నాస్టిక్స్. అప్పటికి మూడు నెలలుగా "కుడి మోచేయి గుంజుతోందమ్మా" అంటూనే ఉంది. కోచ్ సార్ కండరం పట్టేసిందన్నారు. ఇంటి దగ్గరి క్లినిక్‌లో ఎక్స్‌రే తీసి, నార్మల్ అని చెప్పి, పూతమందు రాసిచ్చి పంపారు. మేమూ నమ్మాం. నమ్మితే ప్రాక్టీసు ఆపక్కర్లేదు కదా.

తర్వాత తేలిన జబ్బు పేరు ఆస్టియోకాండ్రైటిస్ డిసెకాన్స్. పొట్టిగా ఓసీడీ. ఆ మాట వినగానే మా పక్కింటావిడ "అదేంటి, ఊరికే చేతులు కడుక్కునే జబ్బు కదా?" అంది. ఆవిడ అన్నది అదే పొట్టిపేరున్న మానసిక జబ్బు. నెట్‌లో వెతికినా ముందు అదే వస్తుంది, పక్కన మోచేయి అని కలిపి వెతకండి. నేను డాక్టర్‌ని కాదు. ఏడాదిన్నరగా ఓపీల్లో, ఫిజియో గదుల్లో కూర్చుని అడిగి తెలుసుకున్నదాన్ని, ఏ పని ముందో ఏది తర్వాతో వరసగా రాస్తున్నాను.

లోపల ఏం జరుగుతుంది

పై చేతి ఎముక కింది కొసన, బయటివైపు, గోళీలా గుండ్రంగా ఒక బుడిపె ఉంటుంది. దాని పేరు క్యాపిటెల్లమ్. ముంజేతిలోని రేడియస్ ఎముక తల చిన్న గిన్నెలా దానికి ఆనుకుని తిరుగుతుంది. చేతుల మీద నిలబడినప్పుడు ఒంటి బరువులో పెద్ద వాటా ఈ గిన్నె మీదుగా ఆ గోళీ మీద పడుతుంది. మన హైదరాబాద్ జిమ్నాస్ట్ అరుణారెడ్డి 2018లో మెల్‌బోర్న్ వరల్డ్ కప్‌లో కాంస్యం గెలిచిన వాల్ట్ ఉందే, పరుగెత్తుకొచ్చి టేబుల్ మీద చేతులు మోపి గాల్లో తిరిగేది, అందులో చేతులు టేబుల్‌ని తాకేది రెప్పపాటు. ఆ రెప్పపాటులో మోచేతుల మీద పడే దెబ్బ మామూలుది కాదు. దాన్ని సరిగ్గా చెయ్యడానికి పిల్లలు కొన్ని వేలసార్లు చేతుల మీద దూకుతారు. విసిరే ఆటల్లో లెక్క వేరు. జావెలిన్‌నో, బౌండరీ దగ్గర్నుంచి బంతినో బలంగా విసిరినప్పుడు మోచేయి లోపలివైపు సాగుతుంది, బయటివైపు నలుగుతుంది. ఆ నలుగుడూ ఈ గోళీకే.

ఎదిగే వయసులో దీనికి రక్తం వెనకవైపు నుంచి వచ్చే ఒకటి రెండు సన్నటి నాళాల ద్వారానే అందుతుంది. పక్కదారి లేదు. రోజూ దెబ్బ మీద దెబ్బ పడుతుంటే మృదులాస్థి (కీలులో ఎముక మీద ఉండే నున్నటి పొర) కింద ఉన్న ఎముక నీరసించి మెత్తబడుతుంది. వానాకాలంలో మన హైదరాబాద్ రోడ్లు చూస్తూనే ఉన్నాం కదా, పైన తారు నున్నగానే ఉంటుంది, అడుగున కంకర కొట్టుకుపోయి ఉంటుంది. అప్పుడే బండ్లు ఆపి బాగుచేస్తే రోడ్డు నిలుస్తుంది. లేదంటే ఓ రోజు తారు పగిలి పెచ్చు లేస్తుంది. మోచేతిలోనూ మొదట పైపొర చెక్కుచెదరదు. తర్వాత పగుళ్ళు వస్తాయి. ఆఖరికి ముక్క ఊడి కీలులో తిరుగుతుంది. మొదటి దశలో దొరికితే విశ్రాంతితో మానే అవకాశం బాగా ఉంది. ఆఖరి దశలో దొరికితే చాలావరకు ఆపరేషనే.

పేరు సంగతి ఒకటి చెప్పాలి. 1880ల్లో జర్మన్ సర్జన్ ఫ్రాంజ్ కోనిగ్ ఇది వాపు జబ్బు అనుకుని చివర "ఐటిస్" తగిలించాడు. అసలు మూలం వాపు కాదని తర్వాత తేలింది, పేరు మాత్రం ఉండిపోయింది. అందుకే వాపు తగ్గించే మాత్రలు నొప్పిని అణుస్తాయే తప్ప ఎముకకు చేసేదేమీ లేదు.

1. నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించమనండి

"మోచేయి నొప్పి" అంటే చాలదు. అరచెయ్యి మొత్తం పెట్టి రుద్దుతూ చూపిస్తే ఒప్పుకోకండి, ఒక్క వేలు. బయటివైపు చూపిస్తే, వయసు 11 నుంచి 15 మధ్య ఉంటే, ఆట జిమ్నాస్టిక్సో విసిరేదో అయితే, ఓసీడీ అనుమానం ముందు పెట్టుకోవాలి. పదేళ్ళలోపు మగపిల్లల్లో అదే చోట నొప్పి వస్తే ఎక్కువగా అది పానర్ జబ్బు. 1927లో డెన్మార్క్ డాక్టర్ పానర్ రాసిన కేసు నుంచి ఆ పేరు వచ్చింది. అందులో గోళీ మొత్తం దెబ్బతిన్నట్టు కనిపించినా విశ్రాంతితో దానంతటదే మానుతుంది, ఆపరేషన్ దాకా వెళ్ళడం అరుదు. లోపలివైపు చూపిస్తే అక్కడి గ్రోత్ ప్లేట్, అంటే పిల్లల్లో ఎముక ఎదిగే చోట ఉండే మెత్తటి పొర, లాగబడుతోందన్నమాట. అమెరికాలో బేస్‌బాల్ ఆడే పిల్లల వల్ల దానికి లిటిల్ లీగ్ ఎల్బో అని పేరు. మన దగ్గర క్రికెట్ పిల్లల్లో త్రో ఎక్కువైనప్పుడూ రావచ్చు.

టెన్నిస్ ఎల్బో అని ఎవరైనా తేల్చేస్తే కొంచెం ఆగండి. 2004లో సచిన్‌కి వచ్చిందదే కాబట్టి ఆ పేరు అందరి నోటా ఉంది. అది పెద్దవాళ్ళ స్నాయువులకు, అంటే కండరాన్ని ఎముకకు కట్టే తాళ్ళకు, వచ్చే జబ్బు. ఎక్స్‌రే లేకుండా పన్నెండేళ్ళ పిల్లకు ఆ ముద్ర వేస్తే నేనైతే ఒప్పుకోను.

కిందపడి ఒక్కసారిగా వాచినా, వేళ్ళు చల్లబడినా, తిమ్మిరెక్కినా ఈ వ్యాసం పక్కన పడేసి వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళండి. అది వేరే కథ.

2. ఇంట్లోనే కొలవండి

అన్నిటికన్నా దీని మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టమంటాను. పిల్లలు నొప్పిని దాస్తారు, ముఖ్యంగా సెలక్షన్స్ ముందు. కీలు కదలిక దాచలేరు.

పిల్లను గోడకు వీపు ఆనించి నిలబెట్టి, రెండు చేతులూ భుజాల ఎత్తులో ముందుకు చాపమనండి, అరచేతులు పైకి. పక్కనుంచి చూడండి. ఇక్కడో మెలిక ఉంది. చాలామంది పిల్లలకు, అందులోనూ ఆడపిల్లలకు, మోచేయి తిన్నటి గీతను దాటి కాస్త వెనక్కి వంగుతుంది. అలాంటి పిల్ల చెయ్యి తిన్నగా కనబడినా అసలు కదలిక కొంత పోయినట్టే. అందుకే చార్టులో చూసి పోల్చకండి, రెండో చేతితో పోల్చండి. మా అమ్మాయి విషయంలో ఎడమ చెయ్యి 5 డిగ్రీలు వెనక్కి వంగుతుంటే కుడి చెయ్యి 15 డిగ్రీలు ముందే ఆగిపోయింది. అంటే మొత్తం 20 డిగ్రీలు తగ్గింది. గోరింటాకు రోజుదాకా అది మా కంట పడలేదు.

తర్వాత మోచేతులు నడుముకు ఆనించి, పిడికిళ్ళలో చెరో పెన్సిల్ నిలువుగా పట్టించి, అరచేతులు పైకీ కిందికీ తిప్పించండి. రెండు పెన్సిళ్ళూ ఒకే మేర వాలాలి. ఆ తర్వాత వేళ్ళతో భుజాలు ముట్టుకోమనండి. ఇవన్నీ పిల్ల తనంతట తాను చెయ్యాలి, మీరు పట్టి వంచొద్దు, లాగొద్దు. వారానికోసారి, ఒకే చోట నిలబెట్టి, ఒకే దూరం నుంచి ఫొటో తియ్యండి. "ఎప్పట్నుంచి ఇలా ఉంది?" అని డాక్టర్ అడిగితే మనం చెప్పే జవాబుకన్నా ఆ ఫొటోలే నిజం చెప్తాయి.

కదుపుతుంటే టక్కుమని పట్టేసి కాసేపు విడవకపోతే ముక్క కదులుతోందేమో అనుమానించాలి. అప్పుడు వారాలు కాదు, రోజుల్లో డాక్టర్ని కలవాలి.

3. ఆపండి, అదే రోజు

అపాయింట్‌మెంట్ దొరికేదాకా ఆడనిద్దాం అనిపిస్తుంది. వద్దు. అలాగని పిల్లను మంచాన పడుకోబెట్టనక్కర్లేదు. చేతుల మీద బరువు మోపేవి, అంటే హ్యాండ్‌స్టాండ్, కార్ట్‌వీల్, బార్స్, పుష్-అప్స్ బంద్. విసరడం బంద్. పరుగు, స్ప్లిట్స్, కాళ్ళ వ్యాయామాలు, పొట్ట కండరాలవి చేసుకోవచ్చు. హోంవర్క్ తప్పించుకోవడానికి మాత్రం ఈ మోచేయి పనికిరాదు, రాయడం వల్ల దీనికి నష్టం లేదు.

ఇక మర్దన. మన ఊళ్ళో చెయ్యి నొప్పి అనగానే ఒకరు పాతబస్తీలో ఎముకలు సరిచేసే పహిల్వాన్ దగ్గరికి పొమ్మంటారు, ఇంకొకరు పుత్తూరు కట్టు అంటారు. మా మామయ్య వేడి నువ్వుల నూనెతో సిద్ధంగా కూర్చున్నారు. పెద్దాయన ప్రేమను కాదనలేం, కానీ మోచేయి మిగతా కీళ్ళలాంటిది కాదు. దెబ్బ తగిలిన మోచేతిని గట్టిగా మర్దించి, బలవంతంగా వంచితే చుట్టూ ఉన్న కండరంలోనే ఎముక పుట్టుకొచ్చే ప్రమాదం ఉంది. దాన్ని మయోసైటిస్ ఆసిఫికన్స్ అంటారు. అది వస్తే కీలు బిగుసుకుపోతుంది. నూనె కావాలంటే వీపుకు రాయించుకోమని చెప్పి ఆయన్ని ఒప్పించాం.

నొప్పి మాత్ర వేసి మ్యాచ్‌కి పంపడం, కీలులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించి టోర్నమెంట్ గట్టెక్కించడం, ఈ రెండూ మన పిల్లల మీద మనమే చేసే తప్పులు.

4. డాక్టర్ దగ్గర ఏం అడగాలి

మామూలు ఎముకల డాక్టర్‌తో మొదలుపెట్టినా ఫర్వాలేదు. పిల్లల ఆర్థోపెడిక్స్‌లోనో స్పోర్ట్స్ గాయాల్లోనో అనుభవం ఉన్నవాళ్ళయితే మేలు. డబ్బు ఇబ్బంది ఉంటే పంజాగుట్ట నిమ్స్‌లో, గాంధీలో, ఉస్మానియాలో ఆర్థోపెడిక్ విభాగాలున్నాయి. పొద్దున్నే వెళ్ళి ఓపీ చీటీ రాయించుకుని, చేతిలో ఒక కాగితం పట్టుకుని కూర్చోండి. అందులో నొప్పి మొదలైన నెల, ఆట, వారానికి ఎన్ని గంటలు, ఏది చేస్తే నొప్పి, పట్టేస్తోందా లేదా, ఇంతే రాయండి. ఓపీలో మనకు దొరికేది ఐదు నిమిషాలు.

ఎక్స్‌రే దగ్గర జాగ్రత్త. మాకు మొదట తీసింది చెయ్యి చాపి ముందునుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి. దెబ్బతినే చోటు గోళీకి ముందువైపున ఉంటుంది కాబట్టి చాపిన చేతి ఎక్స్‌రేలో అది కనబడకుండా పోవచ్చు. మోచేయి 45 డిగ్రీలు మడిచి ముందునుంచి తీస్తే బాగా కనబడుతుంది. రెండోసారి చూపించిన డాక్టర్‌గారు ఆ ఫిల్మ్‌ని, ఎడమ చేతి ఫిల్మ్‌ని పక్కపక్కన లైటు మీద పెట్టి ఏమీ మాట్లాడకుండా నా వైపు చూశారు. ఎడమ గోళీ అంచు నిండు పున్నమిలా ఉంది. కుడిదానికి ముందువైపు చిన్న నీడ, అంచు కాస్త నొక్కుకుపోయి ఉంది. ఆ తేడా నాకే కనబడింది. కాబట్టి "45 డిగ్రీల వ్యూ తీద్దామా, రెండో చెయ్యి కూడా తీద్దామా?" అని మర్యాదగా అడగండి. ఎవరూ ఏమీ అనుకోరు.

మొదటి రోజుల్లో ఎక్స్‌రే నిజంగానే మామూలుగా ఉండొచ్చు. లక్షణాలు అనుమానంగా ఉంటే తర్వాతిది ఎమ్మారై. రేడియేషన్ ఉండదు. కొన్నిచోట్ల బోర్లా పడుకోబెట్టి చెయ్యి తల ముందుకు చాపి ఉంచమంటారు. మోచేయి చాపలేని పిల్లకు అరగంట అలా ఉండటం నరకం, దిండ్లు పెట్టమని ముందే చెప్పండి. గాజులు, కమ్మలు ఇంట్లోనే తీసెయ్యండి.

రిపోర్టులో మీరు వెతకాల్సినవి మూడు. ముక్క వెనకాల నీటి గీత ఉందా? పైన మృదులాస్థి తెగిందా? కీలులో ఊడిన ముక్క ఏమైనా ఉందా? వీటిలో ఏదైనా ఉందంటే ముక్క నిలకడగా లేదని అర్థం. దీంతోపాటు గ్రోత్ ప్లేట్ తెరిచి ఉందో మూసుకుందో డాక్టర్ని అడగండి. అది తెరిచి ఉంటే మానే శక్తి ఎక్కువ.

5. నిలకడగా ఉంటే: ఎదురుచూడటమే మందు

గ్రోత్ ప్లేట్ తెరిచి ఉండి, కదలిక పెద్దగా తగ్గకుండా, పైపొర చెదరకుండా ఉంటే ఆపరేషన్ లేకుండా ప్రయత్నిస్తారు. 3 నుంచి 6 నెలలపాటు ఆ చేతి మీద బరువు పడకూడదు, విసరకూడదు. రెండు మూడు నెలలకోసారి ఎక్స్‌రే తీస్తారు. నెలల తరబడి పిండికట్టు వెయ్యరు, వేస్తే కీలు బిగుసుకుంటుంది.

ఇందులో ఉచ్చు ఎక్కడుందంటే, నొప్పి మూడు నాలుగు వారాల్లోనే పోతుంది. ఎముక మాత్రం అప్పటికి మానదు. మా ఇంట్లో సరిగ్గా ఐదో వారం గొడవ మొదలైంది. "నొప్పే లేదమ్మా, ఎందుకు పంపవు?" అని రోజూ ఏడుపు. ఓ సాయంత్రం బాత్‌రూమ్‌లో తలుపేసుకుని గోడకు హ్యాండ్‌స్టాండ్ వేస్తుంటే దొరికిపోయింది. తిట్టలేదు. రెండు ఎక్స్‌రేలూ తెచ్చి కిటికీకి అంటించి, కొత్త ఎక్స్‌రే తీసినప్పుడల్లా ఆ నీడ ఎంత తగ్గుతుందో నువ్వే చూడమని చెప్పాను. పిల్లకు వాయిదా చెప్తే లాభం లేదు, కనబడే గుర్తు చూపించాలి.

విటమిన్ డి పరీక్ష చేయిస్తే మంచిదే, తక్కువుంటే సరిచేస్తారు. దానితోనే ఇది నయమవుతుందని మాత్రం అనుకోవద్దు. ఒళ్ళు తగ్గాలని తిండి మానేసే జిమ్నాస్ట్ అమ్మాయిలు, నెలసరి మొదలై ఆగిపోయినవాళ్ళు ఉంటే ఆ మాట డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి. ఎముక బలం దానితో ముడిపడి ఉంది.

6. ఆపరేషన్ మాట వస్తే

ముక్క కదిలినా, ఊడినా, నెలల విశ్రాంతి తర్వాత మానకపోయినా ఆపరేషన్ చెప్తారు. ఎక్కువగా చిన్న రంధ్రాల ద్వారా, కెమెరాతో చేసే ఆర్థ్రోస్కోపీ. ఊడిన ముక్కలు తీసేసి, అడుగున ఎముకకు సన్నటి రంధ్రాలు పెడతారు. లోపలి మూలుగ నుంచి రక్తం ఊరి, గడ్డకట్టి, కొత్త పొర వస్తుంది. అది అసలు మృదులాస్థి అంత గట్టిది కాదు, పని మాత్రం నడుపుతుంది. ముక్క పెద్దదై బాగుంటే పిన్నులతో తిరిగి బిగిస్తారు. గుంట పెద్దదైతే, ముఖ్యంగా గోళీ బయటి అంచు పోయి ఉంటే, మోకాల్లో బరువు పడని చోటనుంచో పక్కటెముక నుంచో ఎముక-మృదులాస్థి బిళ్ళ తెచ్చి నాటుతారు. "గుంట ఎంత వెడల్పు, బయటి అంచు ఉందా, మీరు మోచేతికి ఇవి ఎన్ని చేశారు?" అనే మూడు ప్రశ్నలు అడగండి. మూడోది అడగడానికి మొహమాటపడొద్దు, మోకాలి ఆర్థ్రోస్కోపీ చేసే అందరూ మోచేయి చెయ్యరు. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే తేదీ ఇచ్చేముందే ఆరోగ్యమిత్రను కలవండి.

ఆపరేషన్ అనగానే ఎవరో ఒకరు నీరజ్ చోప్రా పేరు ఎత్తుతారు. నిజమే, 2019 మే నెలలో మోచేతిలోని ఎముక ముక్కల కోసం ఆపరేషన్ చేయించుకున్నాడు, ఆ ఏడాది దోహా ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోయింది, 2021 ఆగస్టులో టోక్యోలో 87.58 మీటర్లు విసిరి స్వర్ణం తెచ్చాడు. పిల్లకు ధైర్యం కోసం చెప్పండి. కానీ అతను అప్పటికి ఎదిగిన మనిషి, ఇది అదే జబ్బని చెప్పలేం. ఓసీడీ ఆపరేషన్ తర్వాత ఆటకు తిరిగొచ్చేవాళ్ళు చాలామందే ఉన్నా, కొందరు అదే ఈవెంట్‌కి అదే స్థాయిలో రాలేరు. ఈ మాట ముందే పిల్లతో కూర్చుని చెప్పుకోవాలి.

7. తిరిగి మైదానంలోకి

నొప్పి లేకపోవడం ఒక్కటే చాలదు. కదలిక రెండో చేతికి దగ్గరగా రావాలి, ఎక్స్‌రేలోనో ఎమ్మారైలోనో మానుతున్న గుర్తు కనబడాలి, డాక్టర్ సరే అనాలి.

జిమ్నాస్ట్ అయితే మొదట మోకాళ్ళ మీద, చేతుల మీద వంగి కాస్త కాస్త బరువు మోపడం. తర్వాత ప్లాంక్, ఆ తర్వాత గోడకు హ్యాండ్‌స్టాండ్, చాలా ఆలస్యంగా టంబ్లింగ్ (నేల మీద పల్టీలు), అన్నిటికన్నా చివర వాల్ట్. విసిరేవాళ్ళయితే పది మీటర్ల దూరంతో, రోజు విడిచి రోజు. ముందు దూరం పెరగాలి, వేగం తర్వాత. మర్నాడు పొద్దునకు నొప్పి మిగిలితే ఒక మెట్టు వెనక్కి. ఈ మెట్లన్నీ ఎక్కడానికి మాకు నాలుగు నెలలు పట్టింది.

కోచ్‌తో నోటిమాటగా ఒప్పందాలు పెట్టుకోవద్దు. ఏది చెయ్యొచ్చో, ఏది చెయ్యకూడదో, ఎప్పటిదాకానో కాగితం మీద డాక్టర్‌తో రాయించి ఇవ్వండి. "ఈ ఒక్క మీట్ ఆడనివ్వండి" అన్నప్పుడు ఆ కాగితమే మీ తరఫున మాట్లాడుతుంది. వారానికి శిక్షణ గంటలు పిల్ల వయసును మించకుండా చూడమని స్పోర్ట్స్ డాక్టర్లు చెప్తారు. అంటే పన్నెండేళ్ళ పిల్లకు పన్నెండు గంటలు. మాది పద్దెనిమిది దాటేది, వేసవి క్యాంపుల్లో ఇంకా ఎక్కువ. క్రికెట్ పిల్లలకు నెట్స్‌లో బౌలింగ్ లెక్కపెట్టేవాళ్ళున్నారు గానీ, ఫీల్డింగ్ డ్రిల్‌లో ఎన్ని త్రోలు వేశాడో లెక్కపెట్టేవాళ్ళు నాకింతవరకు కనబడలేదు. ఆ లెక్క మీరే మొదలుపెట్టండి.

ఇంకొకటి. ఇది రెండు మోచేతులకూ రావచ్చు. జిమ్నాస్టిక్స్‌లో బరువు రెండు చేతుల మీదా పడుతుంది కాబట్టి మరీనూ. మా అమ్మాయికి ఇప్పటికీ కుడి చెయ్యి 5 డిగ్రీలు తక్కువే చాపుకుంటుంది, అది అలాగే ఉండిపోవచ్చన్నారు. ఆదివారం ఫొటోలు మాత్రం ఆపలేదు. ఇప్పుడు ముందు చూసేది ఎడమ చెయ్యినే.